కావడిబద్ద మొదలు మోటారుసైకిలు వరకు

"మోసేవానికి తెలుసు కావడి బరువు" అను సామెత నేడు మన ఇండ్లలో సంసారభారమును గూర్చి చెప్పుకొను మాటగా మిగిలినది. ఒకప్పుడది అక్షరాల నిజము. నెల్లూరు తీరమున ఉత్తరదక్షిణములుగా సాగు బాటపై దూరప్రయాణము చేసినవారి సామాను చిరకాలము మనుష్యుల భుజములపై, కావడిబద్దలకు వ్రేలాడుచు సాగినది. చరిత్రకారులు ఆ బాటపై నడచిన సేనలను గూర్చి వ్రాసిరి. దొరలను గూర్చి వ్రాసిరి. బాటసారి తన మూటను ఎట్లు కట్టుకొనెను, అందులో ఏమి పెట్టుకొనెను, దానిని ఎవరి భుజమున పెట్టెను అను విషయములు మాత్రము పుటల అంచులలోనే ఉండిపోయినవి. మనిషి వెంట తీసికొనిపోవు వస్తువులను చూచినచో అతడు దారిని ఎంత నమ్మెనో, దేనికి భయపడెనో తెలియును. కనుక నేడు ఆ మూటను విప్పి చూతము.

చెన్నై నుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారిపై, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరు వైపు సాగు మోటారుసైకిలు యాత్రికులను ఈ కాలమున తరచుగా చూచుచున్నాము. వెనుక చక్రమునకు ఇరువైపుల రెండు సంచులు. సీటు వెనుక చుట్టగా కట్టిన పరుపో, గుడారమో. ముందు టాంకుపై ఒక చిన్న సంచి. ఈ అమరిక పరదేశములనుండి వచ్చిన క్రొత్త విద్యయని చూచువారు తలచుచుందురు. యంత్రము క్రొత్తదే. మూట కట్టు పద్ధతి మాత్రము ఈ తీరమునకు చాల పాతది.

ముందుగా నేల స్వభావమును గమనింపవలెను. నెల్లూరు సీమకు పడమట వెలికొండలు, తూర్పున సముద్రము. నడుమ మైదానము. దక్షిణమున పులికాటు సరస్సు. కాళంగి, స్వర్ణముఖి, పెన్న మొదలగు నదులన్నియు పడమటినుండి వచ్చి సముద్రమున కలియుచుండును గనుక, ఉత్తరదక్షిణములుగా నడచువాడు వాటిని అడ్డముగా దాటక తప్పదు. వంతెనలు లేని కాలమున వేసవిలో ఇసుకలో నడచి, వరదలలో పడవ యెక్కి దాటవలసినదే. పడవకు ముందు మూటలు దింపవలెను. ఆవలి యొడ్డున మరల ఎత్తవలెను. ఒక్క మనిషి ఎత్తలేని మూట అచ్చట పనికిరాదు. మరియు ఈ సీమకు ఈశాన్య ఋతుపవనమే ప్రధానమైన వర్షాధారము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు, తుపానులు. మే నెలలో వడగాలి. కావున చిన్నమూటలుగా కట్టుట, తడియకుండ కప్పుట, నీరు వెంట నుంచుకొనుట అను మూడు నియమములను ఈ నేలయే బాటసారికి నేర్పినది.

నడచిపోవు పేదవానికి సద్దిమూటయు, భుజమునకు ముందు వెనుకల వ్రేలాడు అసిమిసంచియు చాలును. అంతకు మించిన సామాను ఉన్నచో కావడి కావలెను. వెదురుబద్ద రెండు కొనలకు రెండు బుట్టలో పెట్టెలో కట్టి, నడిమిభాగమును భుజమున పెట్టుకొని నడచుటయే కావడి. ఇందలి కిటుకు రెండు వైపుల తూకము సరిగా నుండుట. ఒకవైపు బరువు హెచ్చినచో మోయువాడు బద్దను జరుపుకొని, భుజమును ఆ వైపునకు చేర్చుకొనవలెను. అట్లు చేసినను నడక వంకరపోవును. బద్ద అడుగడుగునకు వంగి లేచుచు, ఆ యూపును తాను కొంత పుచ్చుకొని భుజమునకు దెబ్బ తగులనీయదు. నేటి వాహనములకు స్ప్రింగులు చేయు పనిని నాడు వెదురు చేసినది.

పశువులకును ఇదే సూత్రము. ఈ తీరపు ఉప్పుకయ్యలలో పండిన ఉప్పును లోనాడులకు చేర్చినవారిలో లంబాడీలు ముఖ్యులు. వారు ఎద్దుల వీపులపై పెరికలు వేసి మందలు మందలుగా తోలుకొని పోవుచుండిరి. పెరికయనగా వీపునకు ఇరుప్రక్కల సమముగా దిగు జంటగోనె. కొన్నిచోట్ల దీనినే కంటలమందురు. ఒక ప్రక్క దిగజారినచో ఎద్దు వీపు ఒరసికొని పుండుపడును. పుండుపడిన ఎద్దు బిడారులో నడువలేదు. కాబట్టి పెరికను నింపుట తెలిసినవాడు చేయదగిన పని. నేటి మోటారుసైకిలుకు ఇరుప్రక్కల వ్రేలాడు సంచులకు తెలుగులో పేరు కావలెనన్న క్రొత్తమాట వెదకనక్కరలేదు. పెరిక యను మాట సిద్ధముగానే యున్నది.

ఎడ్లబండి వచ్చినచోట మరియొక పాఠము చేరినది. బండికి బరువంతయు ఇరుసుమీదనే నిలువవలెను. సామాను ముందుకు హెచ్చినచో కాడి ఎడ్ల మెడలపై దిగి అణచును. వెనుకకు హెచ్చినచో నొగలు పైకి లేచి, మెడక్రింది పట్టెడ ఎడ్ల గొంతును నొక్కును. బండి నింపిన పిమ్మట నొగలను చేతితో ఎత్తి చూచి, ముందుబరువో వెనుకబరువో తేల్చుకొని గాని బండివాడు ఎడ్లను కట్టడు. ఈ చిన్న పరీక్షను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. మోటారుసైకిలువద్ద దీనితో మనకు మరల పని కలదు.

ఇక సామాను సంగతి యెరిగిన మహాయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీ ఉద్యోగము చేసినవారు. 1830 మే 18వ తేదీన మద్రాసు విడిచి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి, తిరిగివచ్చునపుడు గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా తీరము వెంబడి దిగి, నెల్లూరు సీమను దాటి 1831 సెప్టెంబరు 3వ తేదీన మద్రాసు చేరిరి. దారిలో తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపిన సంగతులే "కాశీయాత్ర చరిత్ర"యై 1838లో అచ్చుపడినవి. ఆయనతో నడచిన పరివారము సుమారు నూరుమంది. పల్లకీ, దానిని మోయు బోయీలు, డేరాలు, వంటసామగ్రి అన్నియు కదలినవి. ఒక చిన్న గ్రామము లేచి నడచినట్లే గదా!

అంత పరివారము ఎందులకని నేడు మనము ఆశ్చర్యపడవచ్చును. ఆ గ్రంథమే దానికి సమాధానము చెప్పుచున్నది. వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి ఎంత దూరము, ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్లు కలవా, నీళ్లు మంచివా, దిగుటకు స్థలమున్నదా అని వరుసగా వ్రాసిరి. బియ్యము దొరకునని తెలియని ఊరికి బియ్యము మోసికొని పోవలెను. గూడు దొరకునని తెలియనిచోటికి డేరా మోసికొని పోవలెను. తెలియనితనమే సామానులో ఎక్కువ బరువు. ఆయన వ్రాసిన వివరములు తరువాతి యాత్రికుల మూటలనుండి ఎన్నియో వీసెల బరువు తగ్గించియుండును. గ్రంథమొకటి భుజములకు విశ్రాంతినిచ్చుట యనగా ఇదియే.

అయితే ఆ భుజములెవరివి? పల్లకీ మోసిన బోయీలు ఈ దక్షిణ తీరమంతట ప్రసిద్ధులు. ఇంగ్లీషువారు పల్లకీ మోయువారిని "బాయ్" అని పిలుచుటకు మూలము మన బోయీ యను పేరేయని 1886లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు చెప్పుచున్నది. ఆ పిలుపు విన్నవారికి అది తమ భాషలోని పిల్లవాడను మాటగానే తోచుట సహజము. ఇంటికి పెద్దయై, నలుగురు బిడ్డల తండ్రియైనవాడును ఆ పిలుపులో పిల్లవాడైపోయెను.

దూరప్రయాణమునకు డాకు పల్లకీయను ఏర్పాటు ఉండెను. ముందుగా కబురు పంపినచో మజిలీ మజిలీకి క్రొత్త బోయీల జట్టు సిద్ధముగా నుండును. ఎండకు వెరచి రాత్రులు నడచుచుండిరి. ముందు దివిటీ పట్టువాడు పరుగెత్తుచుండును. ప్రయాణికుని పెట్టెలు కావడిలో వెంట వచ్చుచుండును. కావడిని హిందూస్థానీలో బంగీ యందురు. తపాలాశాఖవారు మూటలను పంపు ఏర్పాటుకు బంగీటపా యను పేరు వచ్చినదియు దీనినుండియే. అనగా నేడు పార్సెలుగా మన ఇంటికి వచ్చు వస్తువునకు పూర్వరూపము ఒక మనిషి భుజమున ఊగిన పెట్టె.

ఈ కాలపు ప్రయాణ సన్నాహములలో ఒక నియమము కనబడుచున్నది. మోయువాడు వేరు, యజమాని వేరు అయినపుడు సామాను పెరుగుచుండును. దొరగారి పరుపు, బల్ల, కుర్చీ, గాజుసామాను, సీసాలు అన్నియు అవసరములుగానే తోచును. తానే మోసికొనువాని మూటలో అవసరమునకు అర్థము వేరు. సామెతలోని సత్యమంతయు ఇచ్చట నున్నది.

సామానును తగ్గించిన ధర్మము సత్రములది. కాశికి పోవువారును రామేశ్వరమునకు పోవువారును ఎదురెదురుగా నడచిన బాట ఇది. నీడ, నీరు, పొయ్యి, కొన్నిచోట్ల అన్నము సత్రములలో దొరకుచుండెను. సత్రము కట్టించిన పుణ్యాత్ముడు బాటసారికి గూడిచ్చుటయేగాక, గూటిని మోసికొనివచ్చు శ్రమను గూడ తప్పించెను. దారిప్రక్క చలివేంద్రము ఒక కుండ బరువును తగ్గించును. దారి దయతలచినకొలది మూట చిన్నదగును.

పిమ్మట నీటిదారి వచ్చినది. 1806లో బేసిల్ కాక్రేన్ అను నాతడు మద్రాసు నుండి ఎన్నూరు వైపునకు త్రవ్వించిన కాలువ క్రమముగా పులికాటు సరస్సు మీదుగా ఉత్తరమునకు సాగి నెల్లూరు తీరమునంతను దాటి పెదగంజాము చేరినది. మద్రాసు నుండి పెదగంజామునకు సుమారు 315 కిలోమీటర్లు. 1876-78 సంవత్సరములనాటి మహాకరవులో ఈ కాలువపని కరవుపనిగా సాగినది. 1878లో నాటి గవర్నరు పేర దీనికి బకింగుహాము కాలువ అని పేరుపెట్టిరి. ఆకలిగొన్నవారు తట్టలతో మట్టి మోసి చేసిన దారి యది. వారి నెత్తిమీది తట్ట తరువాత లక్షల బస్తాలకు భుజమయ్యెను.

పడవకు బరువు లెక్కలేదు. ఉప్పు, ధాన్యము, కట్టెలు, సంసారముల సామాను అన్నియు దానిపై సాగినవి. గాలి అనుకూలించినచో తెరచాప; లేనిచో గడకఱ్ఱలు, లేదా గట్టున నడచుచు త్రాడుతో లాగు మనుష్యులు. పడవలోను తూకపు నియమము తప్పలేదు. బరువులు అడుగున, నడుమన, తేలికవి పైన. ఎత్తుగా పేర్చిన పడవ గాలికి ఒరుగును. 1960, 1970 దశకములలో వచ్చిన తుపానుల దెబ్బకు గట్లు తెగి, పూడిక చేరి, ఈ కాలువపై పడవల రాకపోకలు క్షీణించినవి.

1899 నాటికి మద్రాసునకు బెజవాడకు నెల్లూరు మీదుగా రైలు కలిసెను. పెరికల వర్తకమునకు అది చివరి గంట. ప్రయాణికుని సామానులో అప్పుడొక క్రొత్త న్యాయము ప్రవేశించెను. ఇంత బరువు వరకు ఉచితము, అంతకు మించినచో రుసుము అని కాటాపై తూచి చెప్పుట మొదలయ్యెను. ఇతరుల భుజమునకు తెలిసిన బరువు యజమాని సంచికి గూడ తెలిసెను. ఇనుపట్రంకు, పరుపుచుట్ట, కూజా, మూత బిగించిన మరచెంబు, తాటాకుబుట్టలో పులిహోర అను సామానుల జాబితా మన ఇండ్లలో రెండు మూడు తరములపాటు మారలేదు. అయినను స్టేషనులో ట్రంకుపెట్టె ఎత్తుటకు ఎఱ్ఱచొక్కా కూలీ కావలసియే యుండెను. భుజము మారలేదు, దూరము తగ్గినది.

ఇక మోటారుసైకిలు. జర్మనీలో 1885లో డైమ్లరు, మేబాకు అనువారు కొయ్యచట్రమునకు పెట్రోలు ఇంజను అమర్చి నడిపిన బండి దీనికి ఆద్యము. 1932లో రాబర్టు ఫుల్టను అను అమెరికా యువకుడు డగ్లసు మోటారుసైకిలుపై లండను విడిచి ఆసియాఖండము దాటి జపాను చేరెను. మనదేశము గూడ ఆ దారిలోనిదే. 1937లో అతడు ప్రకటించిన గ్రంథమునకు పెట్టిన పేరు "వన్ మాన్ కారవాన్", అనగా ఒంటిమనిషి బిడారు. ఆ పేరును వీరాస్వామయ్యగారి నూరుమంది పరివారము ప్రక్కన నుంచి చూడుడు. నూరుసంవత్సరములలో బిడారు ఒక్క మనిషిలోనికి ముడుచుకొనిపోయినది. మజిలీ మజిలీకి పెట్రోలు, రొట్టె, గది దొరకు దారులు, పటములు ఏర్పడుటచే నది సాధ్యమైనది.

మన ప్రక్కనే 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి తిరువొత్తియూరులో బుల్లెట్టు బండ్లను తయారుచేయసాగెను. తిరువొత్తియూరు మద్రాసునకు ఉత్తరపు వాకిలి. ఎన్నూరు దారి, కాలువ దారి రెండును ఆ చాయలనే పోవును. కాలువపై పడవ తేలిన తీరమునకే బండి శబ్దము గూడ వచ్చిచేరినది.

ఈ బండిపై సామాను అమర్చు విధమును పరిశీలించినచో పై పాఠములన్నియు ఒక్కచోట కనబడును. ఇరుప్రక్కల సంచులు సరితూకముగా నుండవలెను. ఇది కావడి, పెరికల పాఠము. బరువైన పనిముట్లు అడుగున, రెండు చక్రముల నడుమకు వీలైనంత దగ్గరగా నుండవలెను. ఇది పడవ పాఠము. వెనుక చక్రపు ఇరుసునకు ఆవల ఎత్తుగా మూట పేర్చినచో ముందుచక్రము తేలికయై, చేతిలోని పిడి మాట వినదు. ఇది బండివాడు నొగలెత్తి చూచిన వెనుకబరువే. ఎడ్లకు గొంతు నొక్కుకొన్నట్లు ఇచ్చట యాత్రికుని ప్రాణమునకు ముప్పు. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోట వైపు పులికాటు సరస్సు నడుమ వేసిన బాటపై గాలికి అడ్డులేదు. ఎత్తైన మూట అచ్చట తెరచాపవలె గాలిని పట్టును.

నేలను బట్టి కొన్ని జాగ్రత్తలు గలవు. కార్తీకమాసపు వానలలో సంచిపై తొడుగును మాత్రమే నమ్మక, లోపల బట్టలను వేరువేరుగా మైకాగితపు సంచులలో చుట్టి పెట్టవలెను. మైపాడు, తుమ్మలపెంట వంటి సముద్రతీరములకు పోయి వచ్చినవారు ఇసుకను, ఉప్పుతేమను కడిగి, గొలుసునకు నూనె వేయవలెను. వేసవిలో నీటిసీసా చేతికందునంత దగ్గర నుండవలెను. సంచి పొగగొట్టమునకు తగులరాదు. త్రాటి కొన గాని, తువ్వాలు అంచు గాని చక్రమువద్ద వ్రేలాడరాదు. క్షణములో చుట్టుకొని మనిషిని పడవేయును. చక్రములకు గాలి బరువునకు తగినట్లు పట్టించవలెను. ఎంత బరువు మోయగలదో బండితో ఇచ్చిన పుస్తకములో వ్రాసియుండును. ఆ లెక్కలో నడుపువాని బరువు, వెనుక కూర్చున్నవారి బరువు గూడ చేరియున్నవని మరువరాదు. అన్నియు కట్టిన పిమ్మట పది కిలోమీటర్లు నడిపి, దిగి, త్రాళ్లను మరల బిగించుట మంచిది. క్రొత్తగా కట్టిన మూట ఆ మాత్రమున కుదురుకొని వదులగును.

ఏమి తీసికొనిపోవలెనను ప్రశ్నకు మా సమాధానము క్లుప్తము. దారిలో దొరకని వస్తువును, దొరకునంతలో ప్రాణము నిలుపు వస్తువును తీసికొనిపోవలెను. పంచరు సామగ్రి, స్పానర్లు, ప్లగ్గు, క్లచ్చి తీగ, మందులు, ఒక దుప్పటి, రెండు జతల బట్టలు చాలును. మిగిలినది దారి ఇచ్చును. నూరేండ్లుగా సత్రములు, అంగళ్లు, వంతెనలు, గ్రంథములు కలిసి మన మూటను ఇంతకు కుదించినవి.

ఈ కుదింపులో మేము ఒక న్యాయమును చూచుచున్నాము. మోటారుసైకిలు యాత్రికుడు తన సామాను బరువును తన చేతులతో, నడుముతో, మలుపు మలుపున తెలిసికొనుచున్నాడు. అక్కరలేని వస్తువు పెట్టుకొన్నచో సాయంకాలమునకు దాని ఫలము అతనికే తెలియును. కావడి బరువు తెలిసినవాడు, సామాను యజమాని ఇప్పుడు ఒక్కడే అయినారు. బోయీల వెన్నుపై పరుపులు, బల్లలు సాగిన బాటలో ఇది చిన్న మార్పు కాదు.

ఆ బోయీల పేర్లు, కాలువ గట్టున త్రాడు లాగినవారి పేర్లు చరిత్ర గ్రంథములలో అరుదు. వారి మనుమలు, మునిమనుమలు ఈ సీమలోని ఊళ్లలోనే యుందురు. భుజము మార్చుకొనుటకు వారు పలుకు సంకేతములేవి, పడవను గాలికెదురు నడుపునపుడు సామానును ఎట్లు జరిపెడివారు, ఏ ముడి వానకు బిగియును, ఏ ముడి చీకటిలో సులభముగా విప్పుకొనును అను జ్ఞానము కాగితముపైకి ఎక్కినది చాల తక్కువ. మీ ఇంట అటకపై పాత కావడిబద్దయో మరచెంబో యుండవచ్చును. పెద్దవారి నోట ఆ పనుల జ్ఞాపకములు మిగిలియుండవచ్చును. వారు చెప్పగలిగినప్పుడే అడిగి, తేదీ వేసి, వారి పేరుతో సహా వ్రాసి ఉంచుడు. బరువు మోసినవారి పేరు మోయుటకు ఒక కాగితము చాలును.